వాకిలి బాణీ

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఆఁ అక్కా, ఊఁ అక్కా, రికార్డింగ్‌లో ఉన్నానక్కా" తప్ప నీ నోట్లోంచి నాలుగో మాట రాదు. అందుకే కాగితం మీదికి దిగాను. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ముందు నీ సీరియల్ సంగతి. సాయంత్రం ఏడయ్యేసరికి నా కుట్టుమిషన్ ఆగిపోతోంది. స్కూలు యూనిఫాంలకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు చేతులు చాపినవాళ్ళు చాపినట్టే నిలబడి టీవీ చూస్తున్నారు. కథ అంటావా, దాని మొహం. అలిగి ఇల్లొదిలిపోయిన మొగుడు, మూడేళ్ళుగా వాకిలి వైపు చూసే పెళ్ళాం, మధ్యలో పుల్లలు పెట్టే తోటికోడలు. ఆ పిల్లకి ఏడవడం కూడా సరిగ్గా రాదు, ముక్కు ఎగబీలుస్తుందంతే. కానీ వాకిలి వైపు తిరగ్గానే నువ్వు కట్టిన ఆ ఫిడేలు మొదలవుతుంది చూడూ, ఇంక మా గదిలో ఎవ్వరూ మాట్లాడరు. పక్కింటి టీచరమ్మ మొన్న కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ తమ్ముడికి మమ్మల్ని ఇలా ఏడిపిస్తే ఏమొస్తుందండీ?" అంది. నేను గర్వంతో ఉబ్బిపోయి ఆవిడ జాకెట్టు చంక దగ్గర అంగుళం ఎక్కువ కత్తిరించేశాను.

నాన్న కొట్టి నేర్పినా నాకు పాట అబ్బలేదు గానీ చెవి మాత్రం మిగిలింది. ఆ బాణీ పైకి పాకి 'ని' దగ్గర నిలబడిపోతుంది. ఇంకొక్క అడుగు వేస్తే 'స' మీద వాలిపోవచ్చు. వెయ్యదు. ఎవరో గడప దాకా వచ్చి కాలు లోపల పెట్టకుండా ఆగినట్టుంటుంది.

బొంగరం గల్లంతయ్యాడని ఓడ కంపెనీవాళ్ళు రాసి పదమూడు నెలలు. ఒక్కచోట కూర్చోడని నువ్వే పెట్టావు నా కొడుక్కి ఆ పేరు, గుర్తుందా? ఇంజన్ మెకానిక్ అయ్యాక కూడా ఓడంతా వాణ్ణి బొంగరమనే పిలిచేవాళ్ళట. ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం ఇంకా నా మిషన్ సొరుగులోనే ఉంది. చనిపోయినట్టు ఒప్పుకుంటున్నామని తల్లీ భార్యా ఇద్దరూ సంతకం పెట్టాలి. కోడలు పెట్టేసింది. నేను పెట్టలేదు.

ఎందుకు పెట్టాలి? వాడు లేడని నీకు అనిపించి ఉంటే ఆ బాణీని ఎప్పుడో వాల్చేసి ఉండేవాడివి. నీ సంగతి నాకు తెలీదూ?

మరదలిని అడిగానని చెప్పు. ఫ్యాను కింద తడి తలతో కూర్చోకు.

మీ అక్క

*

జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూసి మా గుమాస్తా ఏదో కోర్టు నోటీసు అనుకుని రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

నువ్వు అనుకున్నంత ఏమీ లేదక్కా మా పనిలో. సీన్లు నాకెవరూ చూపించరు. నెలకోసారి డైరెక్టర్ ఒక జాబితా పంపుతాడు. "ఎదురుచూపు, నలభై సెకన్లు. అనుమానం, పది. వంటింట్లో గొడవ, ఇరవై. ఆనందం, పదిహేను, మరీ ఎక్కువ వద్దు." నేను అవన్నీ కట్టి, వాయించి, పేర్లు రాసి ఇచ్చేస్తాను. వాటిని ఏ బొమ్మకి ఎక్కడ అతికించాలో ఎడిటర్ చూసుకుంటాడు. కిందటి నెల నేను తోటికోడలి కుట్రకి కట్టినదాన్ని తీసుకెళ్ళి పెళ్ళివారు కారు దిగే సీనుకి పెట్టాడు. జనానికి తెగ నచ్చిందట.

వాకిలి బాణీ ఎందుకు వాలదంటావా? వాలిస్తే జనం లేచి వేరే ఛానెల్‌కి పోతారని డైరెక్టర్ భయం. నువ్వు పెద్ద అర్థాలు తీయకు.

మా ఫిడేలు పెద్దాయన మాత్రం దాన్ని వాయించిన ప్రతిసారీ తిట్టుకుంటాడు. "ఏం మనిషివయ్యా, తుమ్ము ముక్కు దాకా తెచ్చి ఆపేస్తావు" అని.

కాగితం సంగతి నీ ఇష్టం. ఆరోగ్యం చూసుకో.

నీ తమ్ముడు

*

జూన్ 23

ఒరేయ్,

"నీ ఇష్టం" ఏమిట్రా? కూరలో ఉప్పు సంగతి అడిగానా నిన్ను? కన్నకొడుకు ఉన్నాడా లేడా అని అడిగితే నీ ఇష్టమంటావా? ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు నీ సీరియల్ చూడకూడదనుకున్నాను. ఏడు కాగానే కోడలు పెట్టేసింది. చూశాను.

ఇంకో సంగతి ఉంది, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. కోడలు ఆసుపత్రి లాండ్రీలో పనికి వెళ్ళే ఏడూ నలభై బస్సు ఉంది కదా, ఆ బస్సు డ్రైవరుకి కోడలంటే ఇష్టం. భార్య పోయి నాలుగేళ్ళైంది, పిల్లల్లేరు. దొంగచాటు వ్యవహారం కాదు. ఆదివారం పూట నేరుగా మా ఇంటికొచ్చి, టోపీ చేతిలో నలుపుకుంటూ, "అమ్మా, మీరు కాదంటే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను" అన్నాడు. చెమటలు కక్కుతున్నాడు పాపం. వాణ్ణి తిట్టిపోద్దామని లేచి, ఏం చేశానో తెలుసా? టీ పెట్టాను.

మంచివాడురా. అదే నా బాధ. వెధవైతే హాయిగా గెంటేసేదాన్ని.

అది ఏమీ అడగదు. సంతకం పెట్టమని కూడా అనదు. ఇరవై ఏడేళ్ళ పిల్ల, నాతో పాటు ఒకే గదిలో గోడకి తిరిగి పడుకుంటుంది. నేను సంతకం పెడితే దానికి బతుకు దొరుకుతుంది, నాకు తెలుసు. పెడితే నా చేత్తో నేను వాణ్ణి చంపినట్టు కూడాను. ఏం చెయ్యను చెప్పు?

సూటిగా అడుగుతున్నాను. వాడి గురించి నీకేమైనా తెలుసా? తెలిస్తే చెప్పు. బాణీలొద్దు, మాటల్లో చెప్పు.

అక్క

*

జూలై 5

అక్కా,

పని ఒత్తిడిలో ఆలస్యమైంది. ఈ వారం మొత్తం రికార్డింగ్ గదిలోనే. ఏసీ చప్పుడు మైకులో పడుతోందని ఆపేస్తారు, ఉడికిపోయి బయటికొస్తాం.

డ్రైవరు మంచివాడని నువ్వే అంటున్నావు. నీ మాట ఎప్పుడూ తప్పు కాదు.

(ఇక్కడ మూడు వరుసలు గట్టిగా కొట్టేసి ఉన్నాయి.)

పై వరుసలు పట్టించుకోకు, ఏదో రాయబోయి ఏదో రాశాను. సీరియల్ సెప్టెంబరులో అయిపోతుందట. ఆ మొగుడి సంగతి అప్పటికి తేలిపోతుంది. శ్రద్ధగా చూడు అక్కా. చూడ్డం కంటే, విను.

నీ తమ్ముడు

*

జూలై 16

నాన్నా,

నీ ఉత్తరాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. తిరగేసి చూశాను. సిరా తప్ప ఏం కనపడలేదు. కోడలు కూడా చూసి, "మామయ్యగారికి ఏదో కష్టమొచ్చిందత్తయ్యా" అంది. నాకూ అదే అనిపించింది. నీకూ మరదలికీ పడటం లేదా? నువ్వు ఇంట్లో నోరు విప్పవు, అది విప్పితే ముయ్యదు, ఇది పెళ్ళైన కొత్తలోనే నాకు తెలుసు. ఏదైనా ఉంటే కూర్చుని మాట్లాడుకోండి. లోపల కుక్కుకోకు. నీకు చిన్నప్పట్నుంచీ అదే జబ్బు. నాన్న ఫిడేలు తీగ తెంపింది నువ్వే అయినా నెల రోజులు నోరు మెదపకుండా నాకు దెబ్బలు తినిపించావు.

నా కొడుకు గురించి అడిగి నిన్ను ఇబ్బంది పెట్టానేమో. నీకు మాత్రం ఏం తెలుస్తుంది? నీ సొంత గొడవలు నీకున్నాయి. ఇంక అడగను.

డ్రైవరుకి వేరే డిపోకి బదిలీ వచ్చింది. సెప్టెంబరు ఆఖరులోగా వెళ్ళాలి. ఈలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. కోడలు నిన్న యూనిఫాం గుండీలు కుడుతూ నవ్వుతూనే అంది: "పోనీ సీరియల్లో అతని సంగతి తేలేదాకా ఆగుదాం అత్తయ్యా. అతను రాడని తేలితే మీరు సంతకం పెట్టేయండి." వేళాకోళానికే అంది. నేను మాత్రం సరేనన్నాను. అనగానే అది సూది పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నేను నిజంగానే అన్నానని దానికి అర్థమైంది.

ఏం, నవ్వుతున్నావా? నవ్వుకో. ఏదో ఒకటి తేల్చేవాళ్ళు కావాలిరా నాకు. ఆఫీసువాళ్ళు తేల్చలేదు, సముద్రం తేల్చలేదు. నువ్వు తేల్చు.

అక్క

*

ఆగస్టు 28

అక్కా,

ఇంతకాలం రాయనందుకు తిట్టు, పడతాను. మాకేం గొడవల్లేవు, ఆవిడ బాగానే ఉంది.

చివరి భాగం సెప్టెంబరు ఇరవైన వస్తుంది. కథ ఏమిటో చెప్పకూడదు, సంతకం పెట్టించుకున్నారు. నా పని మాత్రం నిన్నటితో అయిపోయింది. వాకిలి బాణీని ఈసారి వాల్చేశాను.

ఎలా చేశామో చెప్పనా? అందరినీ పంపేసి ఒక్క ఫిడేలే ఉంచాను. తబలా లేదు, వెనక వీణ లేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే 'ని' దగ్గర ఆగి, కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేను అద్దం ఇవతల నుంచి చెయ్యి ఎత్తే ఉంచాను, చాలాసేపు. ఆయన ఫిడేలు కమాను చివరి అంగుళం దాకా వచ్చేసింది. అప్పుడు చెయ్యి దించాను. ఆయన 'స' మీదికి అడుగు పెట్టాడు. చాలా మెల్లగా, నిద్రపోయేవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. యంత్రాల దగ్గర కూర్చున్న ఇద్దరూ లేచి బయటికెళ్ళిపోయారు, కళ్ళు తుడుచుకోవడానికి. పెద్దాయన కమాను దించి, "ఇంక దీన్ని మళ్ళీ వాయించమనకు" అన్నాడు. నలభై రెండు సెకన్లు. ఇరవై ఏళ్ళలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆ రోజు నువ్వూ కోడలూ కలిసి కూర్చుని వినండి. అక్కా, నాకు మాటలు రావు, నీకు తెలుసు. నేను చెప్పలేకపోయింది ఆ బాణీ చెబుతుంది. అది వాలినప్పుడు నేను నీ పక్కన కూర్చుని చెప్పాననే అనుకో. నీకు అర్థమవుతుంది. తరవాత నువ్వు ఏం చెయ్యాలో అది చెయ్యి.

నీ తమ్ముడు

*

సెప్టెంబరు 21

నా బంగారు తమ్ముడూ,

నీ నోట్లో చక్కెర పొయ్యా! ఎంత దొంగవిరా నువ్వు! ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుని, ఎంత బాగా చెప్పావు!

మొదట్నుంచీ చెప్తాను, అడ్డం రాకు. నిన్న ఆరున్నరకే మిషన్ మీద గుడ్డ కప్పేశాను. టీచరమ్మనీ, పై వాటా వాళ్ళనీ ఎవరినీ రానివ్వలేదు. నేనూ కోడలూ ఇద్దరమే. నీ ఉత్తరం దానికి ముందే చదివి వినిపించాను, "మామయ్యకి ఏదో తెలుసు, ఇవాళ చెప్తాడట" అని. అది నా పక్కన నేల మీద కూర్చుంది. కాగితం కూడా సొరుగులోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పెన్ను కూడా. ఇది నీ మీద ఒట్టు. రాడని తేలితే అక్కడికక్కడే పెట్టేద్దామనే కూర్చున్నాను.

ఆ పిల్ల వాకిలి వైపు తిరిగింది. ఫిడేలు మొదలైంది. 'ని' దగ్గర ఆగింది. ఎంతసేపురా బాబూ! తలుపు కదిలింది. గడప మీద ఒక కాలు. అతనే! గడ్డం పెరిగిపోయి, చేతిలో సంచీ. కాలు లోపల పెట్టాడు, నీ ఫిడేలు వాలింది. సరిగ్గా ఒకేసారి.

కోడలు గల్లంతయ్యాడన్న కబురు విని ఏడవలేదు, సంతకం పెట్టినప్పుడు ఏడవలేదు. నిన్న నా ఒళ్ళో తల పెట్టి పొర్లి పొర్లి ఏడ్చింది. "వస్తారత్తయ్యా, ఆయన వస్తారు, మామయ్యగారికి ఎవరో చెప్పారు, అందుకే అలా కట్టారు" అని ఒకటే మాట. కాగితం తడిసి ముద్దయింది. అదే చింపేసింది. చింపి, నా వైపు భయంగా చూసింది, తిడతానేమోనని! నేను తిట్టడమేమిటి?

ఇవాళ పొద్దున్న బస్సు దగ్గర ఆ డ్రైవరుతో చెప్పేసిందట, మా ఆయన వచ్చేస్తున్నారు అని. అతను "సంతోషమండీ" అని బస్సు తీసుకుని వెళ్ళిపోయాడట. ఎల్లుండి కొత్త డిపోకి పోతున్నాడు. పాపం, మంచివాడు.

ఎవరు చెప్పార్రా నీకు? ఎక్కడున్నాడు వాడు? బాగున్నాడా, చిక్కిపోయాడా? ఏ ఇబ్బందిలో ఉండి పైకి చెప్పొద్దన్నాడో, చెప్పకు, నేను బలవంతపెట్టను. ఎప్పుడొస్తాడో అదొక్కటే రాయి.

మీ పిచ్చి అక్క

*

సెప్టెంబరు 29

అక్కా,

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ నువ్వే ఎత్తావు. వెనక కోడలు ఏదో అని నవ్వుతోంది. ఆ నవ్వు విని పెట్టేశాను. కోడలు లేనప్పుడు ఈ ఉత్తరం చదువు.

నేను ఆ బాణీని అతను చనిపోయిన కబురు వచ్చే సీనుకి కట్టాను. కథ అదే. నాకు చెప్పింది అదే. ఉత్తరం తెచ్చి ఇస్తారు, ఆమె వాకిలి తలుపు మూసేస్తుంది, అయిపోతుంది. చివరి వారంలో ఛానెల్‌వాళ్ళు జనానికి ఇది నచ్చదన్నారట. ఒక్క పూటలో మళ్ళీ తీశారు. సంగీతం మళ్ళీ కట్టించే వ్యవధి లేక ఎడిటర్ నా దగ్గరున్నదే అతికించాడు. దాని మీద నేను "ముగింపు" అని రాసి ఇచ్చాను, అంతే. ఎవరి ముగింపో రాయలేదు. నేనూ మీతో పాటే చూశాను. ఎంత బాగా అతికిందో అక్కా. దానికోసమే కట్టినట్టుంది.

ఇప్పుడు మాటల్లో చెప్తాను.

బొంగరం లేడు. వాడి ఓడలో వంటవాడు పదకొండు నెలల కిందట నన్ను వెతుక్కుంటూ స్టూడియోకి వచ్చాడు. నీ దగ్గరికి రావడానికి కాళ్ళాడలేదన్నాడు. మధ్యాహ్నం పూట, ఎండలో, అందరూ చూస్తుండగానే జరిగిందట. పాత ఇనుప తాడు తెగి వాడి తలకి కొట్టింది, వాడు నీళ్ళలో పడ్డాడు. ఓడ తిప్పి గంట సేపు వెతికారు. ఒక్కసారి పైకి కనిపించాడు, బోర్లా. దగ్గరికి వెళ్ళేలోపు మళ్ళీ కనిపించలేదు. తాడు ఎప్పుడో మార్చాల్సింది, మార్చలేదు. అది బయటపడకుండా "గల్లంతు, కారణం తెలియదు" అని రాసి అందరిచేతా సంతకాలు పెట్టించారు. వంటవాడూ పెట్టాడు. ఏడుస్తూ చెప్పాడు. నేను అతనికి టీ ఇప్పించి పంపాను.

ఆ రోజే నీకు రాయాల్సింది. రేపు రేపు అనుకున్నాను. తరవాత ఈ సీరియల్ వచ్చింది. వాకిలి బాణీ ఎందుకు వాలలేదని అడిగావు కదా, వాడి మాట నా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది గనక. దాన్నే వాయించాను. జనం మెచ్చుకున్నారు. నేను రాయకుండానే నీకు చెప్పేయొచ్చనుకున్నాను. సంగీతానికి చావూ తెలియదు, రాకా తెలియదు అక్కా. వినేవాళ్ళ మనసులో ఏముంటే దాన్నే ఇంకాస్త లోతుకి తవ్వుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే తింటున్నాను, ఆ మాత్రం తెలియకపోయింది.

డ్రైవరు ఎక్కడున్నాడో కనుక్కో. కోడలికి చెప్పు. నువ్వు రమ్మంటే నేనే వచ్చి చెప్తాను.

క్షమించమని అడిగే మొహం లేదు.

తమ్ముడు

*

నవంబరు 2

తమ్ముడూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. కోడలు పనిలో ఉంది. చదివి, మిషన్ మీద సగం కుట్టిన నిక్కరు ఉంటే దాన్ని పూర్తిచేశాను. ఆ తరవాత ఏం చేశానో నాకు జ్ఞాపకం లేదు. సాయంత్రం అది వచ్చి "జ్వరమా అత్తయ్యా?" అంది. అవునన్నాను. పది రోజులు జ్వరమనే చెప్పుకుని పడుకున్నాను.

లేచాక ఒకటే అనుకున్నాను. ముందు ఆ డ్రైవరుని పట్టుకొచ్చి దాని ఎదుట నిలబెట్టి, అప్పుడు చెబుదామని. ఒక చేత్తో తీసుకుంటూ ఇంకో చేత్తో ఏదైనా ఇవ్వాలి కదా. గుండీలు కొనాలని చెప్పి బయల్దేరాను. రెండు బస్సులు మారి ఆ కొత్త డిపో పట్టుకున్నాను. నన్ను చూడగానే లేచి కుర్చీ తుడిచి వేశాడు. "అబ్బాయిగారు వచ్చేశారా అమ్మా?" అని అడిగాడు. నిజంగా సంతోషంగానే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఒకావిడ అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. "మా ఆవిడ. పెళ్ళై తొమ్మిది రోజులు. ఇంట్లోవాళ్ళు ఎప్పట్నుంచో అంటున్న సంబంధమే. నేనే ఆగమన్నాను" అన్నాడు. ఆవిడ వంగి నా సంచీ అందుకుంది, మొయ్యలేకపోతున్నానని.

గేటు దాకా వచ్చి మెల్లగా అన్నాడు: "ఆ అమ్మాయి ఎప్పుడూ నవ్వగా చూళ్ళేదమ్మా నేను. ఆ రోజు నవ్వుతూ చెప్పింది. అంత నమ్మకంగా చెప్తే ఇంక నేనేం అడగను?" బస్సెక్కించి, కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

పదకొండు నెలలు నోరు మూసుకున్నావని నిన్ను చీల్చి చెండాడదామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఏ నోటితో చీల్చను? నెలైంది, నేనూ చెప్పలేదు. ఇవాళ చెబుదామని పొద్దున్నే అనుకుంటాను. అది లేచి జుట్టు దువ్వుకుంటూ కూనిరాగం తీస్తుంది, నీదే. నాకంటే బాగా పాడుతుంది. ఒకప్పుడు దానికి వాడు లేకపోయినా ఒక దారి ఉండేది. ఇప్పుడు దానికి ఉన్నదల్లా వాడు వస్తాడన్నదొక్కటే. అది కూడా తీసేసుకుని ఏమిచ్చేది? ఎవరి దగ్గరికి పంపేది?

నేనే కదరా ఆ ఉత్తరం చదివి దానికి వినిపించింది, మామయ్యకి తెలుసు అని. నువ్వొక్కడివే కాదు.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టేశాను. ఇక్కడికి రాకు. నీ మొహం చూస్తే దానికి తెలిసిపోతుంది. నీకు మాటలు రావు గానీ నీ మొహం ఏదీ దాచలేదు.

ఉత్తరాలు కూడా వద్దు. గేటు చప్పుడైతే చాలు, చెప్పులైనా వేసుకోకుండా పరిగెడుతోంది. నిన్న కరెంటు బిల్లుకే అలా పరిగెత్తి, దాన్ని చూసి, నా చేతికిచ్చి, "ఆయన కబురు రేపొస్తుందిలే అత్తయ్యా" అని నన్ను ఓదార్చింది.

అక్క